ఒకేసారి ఎంతమంది పాడతారు? ఆడియో ఇంటర్ఫేస్ కొనే ముందు వేయవలసిన లెక్క

దుకాణం మెట్లెక్కగానే అందరూ అడిగేది ఒకటే: "ఏ కంపెనీది మంచిది?" దానికి జవాబు చెప్పడానికి అమ్మేవాళ్లు ఎప్పుడూ సిద్ధమే. ఆ వారం అలమారలో ఏది ఎక్కువ మిగిలితే అదే మంచిది. యూఎస్‌బీ ఆడియో ఇంటర్ఫేస్, అంటే మైకుల ధ్వనిని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె, విషయంలో కంపెనీ పేరు మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో అవుతుంది. మొదటి ప్రశ్న ఇది: మీ పాట అందరూ కలిసి కూర్చుంటే పుట్టేదా, ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ వంతు పాడి వెళ్తే పుట్టేదా? ఇది తేలితే కొనవలసిన పెట్టె సగం తేలినట్టే.

చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో నేను చూసే రికార్డింగులు ముఖ్యంగా మూడు రకాలు. పాత మహాబలిపురం రోడ్డు ఆఫీసుల్లో పనిచేస్తూ శని, ఆదివారాల్లో సొంత పాటలు కట్టుకునే కుర్రవాళ్లవి ఒక రకం. మార్గళి, అంటే డిసెంబరు కచేరీల కాలం, రాకముందే సంగీత సభలకు పంపుదామని త్యాగరాజ కృతులను పక్కవాద్యాలతో రికార్డు చేసుకునేవాళ్లవి రెండో రకం. అన్నమయ్య, రామదాసు కీర్తనలు పాడే అపార్ట్‌మెంటు భజన బృందాలది మూడోది. ముగ్గురికీ కావలసింది మల్టీట్రాక్ రికార్డింగే. అంటే ఒక్కొక్క గొంతు, ఒక్కొక్క వాద్యం కంప్యూటర్‌లో విడివిడి ట్రాకుగా చేరాలి, తర్వాత తీరిగ్గా హెచ్చుతగ్గులు సరిచేసుకోవాలి. అయినా ముగ్గురికీ ఒకే పెట్టె సరిపోదు.

కుర్రవాళ్ల పని తేలిక. ముందు లయ కోసం క్లిక్కు, దాని మీద కీబోర్డు, మరో రోజు గిటారు, చివర గాత్రం. పాటలో నలభై ట్రాకులు ఉండవచ్చు, ఏ సమయంలోనైనా తెరిచి ఉండే మైకులు మాత్రం ఒకటో రెండో. వీళ్లకు స్కార్లెట్ 2ఐ2, యూఎంసీ202హెచ్‌డీ లాంటి రెండు ఇన్‌పుట్ల ఇంటర్ఫేస్ చాలు. ఎనిమిది ఇన్‌పుట్లది కొంటే ఆరింటికి దుమ్ము పడుతుంది. మిగిలిన డబ్బుతో మంచి మైకు ఒకటి, గదికి మందపాటి కర్టెన్లు కొనుక్కోమంటాను. వాళ్ల గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

కచేరీ పద్ధతికి ఈ దారి పనికిరాదు. ఇవాళ గాత్రం పాడించి రేపు మృదంగం వేయిద్దామని అనుకునేవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరు తగులుతారు. నెరవులో, అంటే ఒక్క పంక్తినే రకరకాలుగా పాడే చోట, గాయని ఒక మాటను ఎంత సాగదీస్తుందో, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో ఏ ఆవర్తనంలో (తాళపు చుట్టులో) ముగింపు మొదలుపెడుతుందో ముందే రాసిపెట్టి ఉండదు. మృదంగ విద్వాంసుడు ఆమె చేతి తాళం చూస్తూ, తర్వాతి అడుగు పసిగడుతూ వాయిస్తాడు. ఆయన వాయించిన దానిని బట్టి ఆమె ఇంకో రెండు ఆవర్తనాలు పెంచుతుంది. హెడ్‌ఫోన్లలో నిన్నటి గాత్రం విని మృదంగం వాయిస్తే లెక్క తప్పదు కానీ, ఇద్దరు మనుషులు ఒక గదిలో ఉన్నట్టు ఉండదు. పైగా క్లిక్కు లేని పాటలో కాలప్రమాణం సహజంగానే ఒక వెంట్రుకవాసి ముందుకు జరుగుతూ ఉంటుంది. దాన్ని మర్నాడు పట్టుకోవడం ఎంత గొప్పవాళ్లకైనా కష్టం. భజనకూ ఇదే వర్తిస్తుంది. అందుకే ఈ రెండు రకాల వాళ్లకు ఇన్‌పుట్ల సంఖ్యే అసలు విషయం.

మైకుల లెక్క

ఒక చిన్న కచేరీ తీసుకుందాం. గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి. మృదంగానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఘటమో కంజీరో ఉంటే ఇంకొకటి. మొత్తం ఐదు. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే బజారులో దొరికే పెట్టెలు రెండు, నాలుగు, ఎనిమిది అని మెట్లు మెట్లుగా వస్తాయి. ఐదు అనగానే నాలుగు దాటి ఎనిమిదికి పోవాలి, లేదా ఒక మైకు తగ్గించుకోవాలి.

తగ్గించడం పెద్ద నేరం కాదు. మృదంగానికి ఎదురుగా, అడుగున్నర దూరంలో, రెండు మొహాలకూ మధ్యగా ఒకే మైకు పెట్టి వినండి. ఎడమవైపు నుంచి వచ్చే గుమ్కీ అనే బరువైన నాదం కొంచెం పలచబడుతుంది, వాద్యం మాత్రం నిండుగానే వినిపిస్తుంది. నిజానికి రెండు మైకులు పెట్టినప్పుడే ఇంకో తలనొప్పి వస్తుంది. ఒకే వాద్యపు ధ్వని రెండు మైకులకూ వేర్వేరు క్షణాల్లో చేరి, కలిపినప్పుడు కొన్ని స్థాయిలను పరస్పరం మింగేస్తుంది. రెండో ట్రాకుకు ధ్రువాన్ని (పొలారిటీని) తిప్పే బొత్తాం దాదాపు ప్రతి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి వినాలి. ఏది నిండుగా వినిపిస్తే అది ఉంచుకోవాలి. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, ముఖ్యమైన కచేరీ అయితే రెండు మైకులు పెట్టవలసిందే. కృతులే ప్రధానమైతే ఒకటి చాలు.

భజన లెక్క ఇంకా పెరుగుతుంది. ముందు పాడేవారికి ఒకటి, హార్మోనియానికి ఒకటి, తబలాకు ఒకటి, డగ్గాకు ఒకటి, వెనక అందుకునే బృందానికి రెండు. మొత్తం ఆరు. తాళాలకు మైకు అక్కర్లేదు. పెట్టకపోయినా ఆరింటిలోనూ అవే వినిపిస్తాయి. కీబోర్డు కూడా ఉంటే స్టీరియోకు మరో రెండు ఇన్‌పుట్లు కలపాలి.

అసలు ఇన్ని మైకులు అక్కర్లేని సందర్భం ఒకటుంది. గది బాగుండి, వాద్యాల హెచ్చుతగ్గులు కూర్చున్న చోటే కుదిరితే, ఎదురుగా ఎత్తుమీద రెండు మంచి కండెన్సర్ మైకులు (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన రకం) స్టీరియోగా పెట్టి తీసిన రికార్డింగు ఎనిమిది మైకుల దానికంటే హాయిగా ఉండవచ్చు. రెండు ఇన్‌పుట్ల పెట్టెతోనే పని అయిపోతుంది. అయితే మన ఫ్లాట్లలో టైల్సు నేల, ఉత్త గోడలు, కింద వీధిలో ఆటోల హారన్లు. గది అలా ఉన్నప్పుడు మైకులను వాద్యాలకు దగ్గరగా తీసుకురాక తప్పదు, దగ్గరికి తెస్తే సంఖ్య పెరగక తప్పదు.

పెట్టె మీది అంకెలు

కొనేవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేవి పెట్టె మీద ముద్రించిన సంఖ్యలు. స్కార్లెట్ 4ఐ4 పేరులో నాలుగు ఉంది. అందులో మైకు పెట్టగలిగే ప్రీఆంప్‌లు (మైకు నుంచి వచ్చే సన్నని ధ్వనిని పెంచే భాగాలు) రెండే, మిగతా రెండూ కీబోర్డు లాంటి వాటికి పనికొచ్చే లైన్ ఇన్‌పుట్లు. మోటు ఎం4 కూడా అంతే. బెహ్రింగర్ యూఎంసీ404హెచ్‌డీలో నాలుగుకు నాలుగూ మైకువే. ఆడియెంట్ ఎవో 8, స్టైన్‌బర్గ్ యూఆర్44సీ, మోటు ఎం6లలోనూ మైకు ప్రీఆంప్‌లు నాలుగేసి ఉన్నాయి. స్కార్లెట్ 18ఐ20, యూఎంసీ1820 అనగానే పద్దెనిమిది మైకులు అనుకోవద్దు. వాటిలో మైకులకు ఎనిమిదే, ఇంకో ఎనిమిది ఏడాట్ అనే ఆప్టికల్ తీగ ద్వారా వచ్చేవి, చివరి రెండు ఎస్‌పీడీఐఎఫ్ అనే డిజిటల్ ఇన్‌పుట్. దుకాణంలో అడగవలసిన మాట ఒకటే: "దీనికి ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు (మూడు పిన్నుల గుండ్రని కనెక్టర్‌వి) ఒకేసారి ఎన్ని పెట్టవచ్చు?"

ఏడాట్ కథ కాస్త చెప్పాలి. అలెసిస్ సంస్థ 1991లో ప్రకటించిన ఏడాట్ యంత్రం ఎస్-వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ మీద ఎనిమిది ట్రాకులు రికార్డు చేసేది. ఆ యంత్రం ఇప్పుడు ఎక్కడా కనబడదు. దాని వెనక ఉండే సన్నని ఆప్టికల్ తీగ పద్ధతి మాత్రం ఇంటర్ఫేస్‌ల మీద ఇంకా బతికే ఉంది. ఒక్క తీగలో 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని 48,000 సార్లు కొలవడం) దగ్గర ఎనిమిది ఛానెళ్లు వస్తాయి, 96కు వెళితే నాలుగే వస్తాయి. దీనివల్ల లాభం ఏమిటంటే, ఇవాళ నాలుగు ప్రీఆంప్‌లు, ఏడాట్ ఇన్‌పుట్ ఉన్న పెట్టె కొనుక్కుని, బృందం పెరిగిన రోజు ఏడీఏ8200 లాంటి ఎనిమిది మైకుల పెట్టెను తీగతో తగిలించవచ్చు. మొత్తం పన్నెండు మైకులు. స్కార్లెట్‌లో మూడో తరం 18ఐ8, నాలుగో తరం 18ఐ16 ఈ బాపతువే. యూఎంసీ404హెచ్‌డీకి, ఎవో 8కి ఏడాట్ లేదు, కొన్న రోజు ఎన్ని మైకులో చివరి రోజూ అన్నే. తగిలించినప్పుడు ఒక నియమం మరవకూడదు: రెండు పెట్టెల్లో ఒకటే గడియారం నడపాలి. తీగ ఏడీఏ8200 నుంచి వస్తుంటే, ఇంటర్ఫేస్ సెట్టింగుల్లో క్లాక్ సోర్స్ ఏడాట్ అని పెట్టాలి. పెట్టకపోతే రికార్డింగులో అక్కడక్కడ టిక్కు టిక్కుమని చప్పుళ్లు వస్తాయి. వాటిని కేబుల్ తప్పనుకుని కేబుళ్లు మార్చేవాళ్లు చాలామంది.

మిక్సర్ మీది యూఎస్‌బీ

ఈ భాగం భజన బృందాల కోసం రాస్తున్నాను. కొళత్తూరులో ఒక బృందం పెద్దావిడ, నాకు పిన్ని వరస, ఫోను చేశారు.

"నాయనా, పన్నెండు ఛానెళ్ల మిక్సర్ కొన్నాం. యూఎస్‌బీ కూడా ఉంది. ల్యాప్‌టాప్‌కి పెడితే రెండే ట్రాకులు వస్తున్నాయి. హార్మోనియం తగ్గిద్దామంటే పాట కూడా తగ్గిపోతోంది."

"పిన్నిగారూ, అవి మిక్సర్ లోపలే కలిసిపోయి, ఎడమ, కుడి అని రెండుగా బయటికి వస్తున్నాయి. ఇంక విడదీయడం కుదరదు."

"అంటే పులుసు కాగాక చింతపండు వెనక్కి తీయమన్నట్టా?"

ఆవిడ చెప్పినంత సూటిగా నేను చెప్పలేను. యమహా ఎంజీ10ఎక్స్‌యూ, ఎంజీ12ఎక్స్‌యూ లాంటివి కార్యక్రమానికి చక్కని మిక్సర్లు, కానీ యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపేది రెండు ఛానెళ్లే. తక్కువ ధరలో యూఎస్‌బీ అని రాసి ఉన్న మిక్సర్లు దాదాపు అన్నీ ఇంతే. ప్రతి ఛానెల్‌ను విడిగా పంపేవి కొన్నే ఉన్నాయి, వాటి వివరాల పట్టికలో "మల్టీట్రాక్" అన్న మాట స్పష్టంగా ఉంటుంది. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12లో ఎంటీకే అని చివర ఉన్న రకం విడివిడిగా పంపుతుంది, ఆ మూడక్షరాలు లేనిది పంపదు. చూడటానికి రెండూ కవల పిల్లలే. బిల్లు రాయించే ముందు ఆ అక్షరాలు చూసుకోవాలి.

భజన బృందానికి నేను చెప్పే సలహా వేరు. వాళ్లకు రికార్డింగు ఒక్కటే అవసరం కాదు, గుడిలోనో అపార్ట్‌మెంటు హాలులోనో స్పీకర్లకు కూడా మిక్సర్ కావాలి. ఆ రెండు పనులకూ ఒకే వస్తువు అంటే బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18. మైకు ప్రీఆంప్‌లు పదహారు, యూఎస్‌బీ మీద పద్దెనిమిది ఛానెళ్లు వెళ్తాయి, పద్దెనిమిది వస్తాయి. శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ దాటదు, మన పనికి దాటనవసరం లేదు. దీని మీద ధ్వని హెచ్చుతగ్గులకు పైకీ కిందికీ జరిపే ఫేడర్లు ఉండవు, అంతా ట్యాబ్లెట్ తెర మీదే. అరవై ఏళ్లు దాటిన సౌండ్ మామయ్య గారు వేలితో తెరమీద జరపడానికి ఇష్టపడకపోతే ఇది కొనవద్దు. ఇష్టపడితే మాత్రం హాలులో జనం మధ్య కూర్చుని, అక్కడ ఎలా వినిపిస్తోందో వింటూ సర్దవచ్చు. ఒక జాగ్రత్త: పెట్టె లోపలి వైఫై జనం ఎక్కువున్న చోట అలసిపోతుంది. విడిగా చిన్న రౌటర్ పెట్టి నెట్‌వర్క్ తీగతో కలిపితే ఆ గొడవ ఉండదు. ఇదే వరుసలోని చిన్నవి, ఎక్స్‌ఆర్12, ఎక్స్‌ఆర్16, పెన్‌డ్రైవ్‌లోకి స్టీరియో మాత్రమే రికార్డు చేస్తాయి. ధర చూసి అటు జారవద్దు.

కంప్యూటర్ అంటేనే చిరాకుపడేవాళ్లు ఉంటారు. వాళ్లకు టాస్కామ్ మోడల్ 12, జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8, ఎల్-12 లాంటివి. మిక్సర్, రికార్డరు, ఇంటర్ఫేస్ మూడూ ఒకటే. ఎర్ర బొత్తాం నొక్కితే ఎస్‌డీ కార్డు మీద ట్రాకులు విడివిడిగా పడతాయి, ఆ కార్డు తెచ్చి ఇస్తే ఇంటి కుర్రవాడు తర్వాత కలుపుతాడు. ఎల్-8లో మైకులు ఆరే కానీ, నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి పాట సగంలో ఆగినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

రెండు చిన్నవి కలిపితే?

"మా దగ్గర రెండు ఇన్‌పుట్లది ఒకటుంది, తమ్ముడి దగ్గర ఇంకొకటుంది. రెండూ కలిపితే నాలుగు కాదా?" కూడికలో నాలుగే. రికార్డింగులో కాదు. ప్రతి ఇంటర్ఫేస్‌లోనూ సొంత గడియారం ఉంటుంది, 48,000 శాంపిళ్లను ఒక సెకనుగా లెక్కపెట్టేది అదే. రెండు గడియారాలూ ఎప్పుడూ ఒక్కలా నడవవు. పది లక్షల్లో ఇరవై వంతులు తేడా ఉందనుకుంటే పది నిమిషాల పాట చివరికి 12 మిల్లీసెకన్లు, గంట కచేరీ చివరికి 72 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. వర్ణంతో సరిగ్గా మొదలైన మృదంగం మంగళం దగ్గరికి వచ్చేసరికి గాత్రం వెనక పడినట్టు వినిపిస్తుంది. మ్యాక్‌లో రెండింటినీ కలిపి ఒక పరికరంగా చూపి, తేడాను సవరించే ఏర్పాటు ఉంది. విండోస్‌లో చాలా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఒక సమయంలో ఒకే ఏసియో డ్రైవర్‌ను (ఇంటర్ఫేస్‌ను సాఫ్ట్‌వేర్‌తో కలిపే ప్రోగ్రామును) ఒప్పుకుంటాయి. చుట్టుదారులున్నా వాటితో కచేరీ రికార్డు చేయమని ఎవరికీ చెప్పను. ఇళ్లలో పడి ఉన్న యూఎస్‌బీ మైకులు నాలుగు తెచ్చి తగిలిద్దామనుకోవడం కూడా ఇదే బాపతు, అక్కడ గడియారాలు నాలుగు.

కరెంటు, వేగం, ఆలస్యం

యూఎస్‌బీ-సీ ఉంది కాబట్టి వేగం ఎక్కువ అని చెప్పి ధర పెంచుతారు. ఎనిమిది ట్రాకులు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు సుమారు 9 మెగాబిట్లు. 2000 సంవత్సరంలో వచ్చిన యూఎస్‌బీ 2.0 సామర్థ్యమే 480. పోర్టు ఆకారం చూసి డబ్బు పెట్టనక్కర్లేదు. చూడవలసింది హార్డ్ డిస్కులో చోటు: ఆ ఎనిమిది ట్రాకులకు గంటకు నాలుగు గిగాబైట్లకు కొంచెం పైగా పడుతుంది.

కరెంటు విషయం మాత్రం ముఖ్యం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగ గుండానే ఇంటర్ఫేస్ పంపే కరెంటు) కావాలి, ప్రమాణం ప్రకారం ఒక్కోటి 10 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకోవచ్చు. నాలుగు మైకులూ ఆ హద్దుకు చేరితే వాటికే దాదాపు రెండు వాట్లు, ఇక పెట్టెలోని మిగతా భాగాలకు ఏం మిగులుతుంది? నాలుగుకు మించి కండెన్సర్లు వాడేవాళ్లు విడిగా అడాప్టర్ ఉన్న ఇంటర్ఫేస్‌నే కొనాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

పాడిన ధ్వని కంప్యూటర్ గుండా చెవికి చేరడంలో జరిగే ఆలస్యం గురించి అందరూ భయపడతారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కసారిగా అందుకునే ధ్వని ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కాబట్టి వినేదానికి రెట్టింపుకు పైనే. హెడ్‌ఫోన్లలో తన గొంతు కంప్యూటర్ గుండా వినే గాయకుడికి ఇది పెద్ద సమస్య. కచేరీలో ఎవరి చెవిలోనూ హెడ్‌ఫోన్లు లేవు కదా, ఆలస్యం ఎవరికి వినిపిస్తుంది? అక్కడ బఫర్‌ను 1024లో పెట్టి హాయిగా కూర్చోవచ్చు. చిన్న బఫర్ పెట్టి, కంప్యూటర్ ఊపిరాడక నడుమ ఒక క్షణం వదిలేస్తే ఆ చరణం మళ్లీ రాదు. హెడ్‌ఫోన్లు తప్పనిసరైతే, ఇంటర్ఫేస్ మీదే డైరెక్ట్ మానిటర్ బొత్తాం ఉంటుంది, దానితో ధ్వని కంప్యూటర్‌కు వెళ్లకుండానే చెవికి వస్తుంది.

తగిలించే రోజు

విండోస్‌లో ముందు తయారీదారు సైటు నుంచి డ్రైవర్ దించుకుని పెట్టుకోవాలి, తర్వాతే ఇంటర్ఫేస్ తగిలించాలి. మ్యాక్‌కు చాలా వాటికి డ్రైవర్ అక్కర్లేదు. హబ్ ద్వారా పెట్టవద్దు, నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులో పెట్టాలి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీని నిద్రపుచ్చే సెట్టింగు తీసేయాలి. సాఫ్ట్‌వేర్‌కు నా ఓటు రీపర్‌కు. 60 రోజులు ఉచితంగా చూడవచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. సెట్టింగుల్లో ఆడియో డివైస్ కింద ఏసియో, అందులో మీ ఇంటర్ఫేస్ పేరు, మొదటి ఇన్‌పుట్ 1, చివరిది 8. తర్వాత ఎనిమిది ట్రాకులు తెరిచి, ఒక్కోదానికి ఒక్కో ఇన్‌పుట్ ఇచ్చి, రికార్డు నొక్కకముందే వాటికి పేర్లు పెట్టండి. ఫైళ్లకు ఆ పేర్లే వస్తాయి. లేకపోతే ఆరు నెలల తర్వాత 03 అన్నది వయొలినో ఘటమో వెతుక్కుంటూ కూర్చోవాలి.

గెయిన్, అంటే మైకు ధ్వనిని ఎంత పెంచాలో, పెట్టేటప్పుడు మృదంగ విద్వాంసుడిని శ్రుతి చేసుకునేంత మెల్లగా వాయించమనవద్దు. తనిలో చివరి కోర్వై (ముగింపు జతి) ఎంత జోరుగా వాయిస్తారో అంత జోరుగా వాయించమని అడిగి, మీటరు మైనస్ 10 దాటకుండా ఆపండి. 24 బిట్ల రికార్డింగులో తక్కువ స్థాయిలో తీసినా నష్టం లేదు, పైన చిట్లిపోతే మాత్రం బాగుపడదు. వయొలిన్‌కు తగిలించిన పికప్ ఉంటే, అది వాద్యపు కంపనాన్ని నేరుగా పట్టే పీజో రకమైతే, ఇంటర్ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అని రాసిన ఇన్‌పుట్‌కు ఇవ్వాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌కు ఇస్తే కిందిస్థాయి పోయి సన్నగా గీసినట్టు వస్తుంది. శ్రుతి పెట్టెను గదిలో మోగనిస్తే ప్రతి మైకులోనూ చేరుతుంది, తర్వాత ఒక సంగతి కోసి అతికిస్తే అతుకు దగ్గర శ్రుతి ఎగిరిపడుతుంది. గాయని చెవిలో ఒక చిన్న ఇయర్‌ఫోన్‌లో తంబుర ఇచ్చి, దాని శబ్దాన్ని విడి ట్రాకులో నేరుగా తీసుకుంటే మంచిది.

మైకుల మధ్య దూరం కూడా చూడాలి. మైకు వాద్యానికి ఒక అడుగు దూరంలో ఉంటే, పక్క మైకు కనీసం మూడు అడుగుల అవతల ఉండాలన్నది ఇంజనీర్లు పాటించే సూత్రం. చాప మీద అందరూ మోకాళ్లు తగిలేలా కూర్చునే అలవాటు ఉన్న మనకు ఇది ఇబ్బందే. మృదంగం ట్రాకు ఒక్కటే తెరిచి వింటే వయొలిన్ కూడా వినిపిస్తుంది. కొంత వినిపిస్తే మంచిదే. వినిపించకుండా చేయాలని అందరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెడితే, కచేరీ పద్ధతి కావాలనుకున్న కారణమే పోతుంది.

ఇక గుయ్‌మనే హమ్. మైలాపూరులో ఒక మేడమీది గదిలో ఇంటర్ఫేస్ అడాప్టర్ హాలు ప్లగ్గులో, కీబోర్డు పడకగది ప్లగ్గులో, ల్యాప్‌టాప్ చార్జరు ఇంకో మూల. హెడ్‌ఫోన్లు పెడితే మంద్రంలో ఎవరో ఎడతెగని ఊంకారం చేస్తున్నట్టుంది. చార్జరు ఊడదీయగానే ఆ ఊంకారం టక్కున ఆగింది. వేర్వేరు ప్లగ్గుల ఎర్తుల మధ్య తేడా వల్ల తీగల గుండా కరెంటు తిరిగితే ఇలా వస్తుంది. అన్నిటినీ ఒకే బోర్డుకు తగిలించడం, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం, కీబోర్డుకు బ్యాలెన్స్‌డ్ తీగ (బయటి రొదను తగ్గించే రకం) లేదా దాని ధ్వనిని మైకు ఇన్‌పుట్‌కు తగినట్టు మార్చే డీఐ పెట్టె వాడటం దీనికి మందులు. హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచే పెద్దమనుషులు ఉన్నారు. ఆ పని ఎవరూ చేయవద్దు, షాకు కొడితే ప్రాణానికే ముప్పు.

ఫ్యాను, ఏసీ ఆపాలి. ఫ్యాను గాలి వయొలిన్ స్వరాన్ని వణికిస్తుంది. అందుకని వేసవిలో తెల్లవారుజామునే మొదలుపెట్టండి, కాకులు లేవకముందే రెండు కృతులు అయిపోతాయి.

కొనేచోట

కేబుళ్లు, ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్లు, ఆప్టికల్ తీగ రిచీ వీధిలో దొరుకుతాయి. మంచి తీగ, మంచి కనెక్టర్ కొని సొంతంగా టంకం వేసుకుంటే తయారు కేబుల్ కంటే ఎక్కువకాలం నిలుస్తుంది. ఇంటర్ఫేస్ మాత్రం మౌంటు రోడ్డులోని, 1842లో మొదలైన మ్యూసీ మ్యూజికల్ లాంటి సంగీత వాద్యాల దుకాణంలో, చేత్తో తిప్పి చూసి, వారంటీ బిల్లుతో తీసుకోమంటాను. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ వైపు సముద్రపు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. వాడనప్పుడు సిలికా పొట్లాలు వేసి మూతపెట్టె లోపల ఉంచాలి.

ఒకే ధర వరుసలోని ప్రీఆంప్‌ల మధ్య స్వరంలో తేడా ఉంది, కానీ మైకును నాలుగు అంగుళాలు జరిపితే వచ్చే తేడా కంటే అది చిన్నది. అందుకే కచేరీవాళ్లు నన్ను అడిగితే, మృదంగానికి ఒకే మైకు చాలనుకున్నప్పుడు, ఘటం లేనప్పుడు, నాలుగు ప్రీఆంప్‌లతో పాటు ఏడాట్ కూడా ఉన్నది చూపిస్తాను. తని మీద మక్కువ ఉన్నవాళ్లను నేరుగా ఎనిమిదికి పొమ్మంటాను. అప్పుడు యూఎంసీ1820 చవక, స్కార్లెట్ 18ఐ20 ధర ఎక్కువ. ఆ తేడా డబ్బుతో రెండు మంచి మైకులు వస్తాయంటే నేను యూఎంసీ వైపే మొగ్గుతాను.

పాతది కొంటున్నట్టయితే, ఇంటికి తెచ్చాక చూద్దామనుకోవద్దు. ఒక కండెన్సర్ మైకు, ఒక కేబుల్, మీ సొంత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. ప్రతి ఇన్‌పుట్‌లోనూ ఆ మైకు పెట్టి ఫాంటమ్ పవర్ వస్తోందో లేదో చూడండి. గెయిన్ నాబ్‌లను మెల్లగా తిప్పుతూ గరగర శబ్దం వస్తోందేమో వినండి. యూఎస్‌బీ తీగను కొంచెం కదిపితే పరికరం తెరమీదినుంచి మాయమవుతోందేమో గమనించండి. ఫైర్‌వైర్ రకం ఎంత చవకగా ఇచ్చినా వద్దు, దాన్ని పెట్టే పోర్టు ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండదు. తయారీదారు సైటులో ఆ మోడల్‌కు మీ విండోస్‌కో మ్యాక్‌కో సరిపడే డ్రైవర్ ఉందో లేదో బేరం మొదలుపెట్టకముందే ఫోనులో చూసుకోండి. లేదని తెలిశాక బేరం అక్కర్లేదు.